ఏ ఇంజన్‌కు ఏ ఆటోమేటిక్ గేర్‌బాక్స్?

"మామా, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఏది మంచిది?" షార్జా నుంచి, మస్కట్ నుంచి, దోహా నుంచి మన వాడల పిల్లలు ఫోన్‌లో నన్ను అడిగే ప్రశ్న ఇది. షోలాపూర్, భివండిలలో సాంచాల పని తగ్గిన తర్వాత మన ఇండ్లల్లోని చాలామంది కొడుకులు గల్ఫ్ గ్యారేజీల్లో చేరినారు. అక్కడ డబ్బున్న కొందరికి పాత అమెరికా బండ్ల మీద మహా మోజు. 1960లలో, 70లలో తయారైన పెద్ద వీ8 ఇంజన్ బండ్లు కొంటారు. ఇంజన్‌కు మార్పులు చేయిస్తారు, గేర్‌బాక్స్ మార్పిస్తారు, సెలవు రోజు రోడ్డు మీద తిప్పుతారు. నేను పద్దెనిమిదేళ్లు ఆ పని చేసి ఇంటికి వచ్చినవాణ్ణి కాబట్టి ఫోన్లు నాకొస్తయి.

నా జవాబు ఎప్పుడూ ఇంకో ప్రశ్నే. ఏ ఇంజన్‌కు? ఎంత బరువున్న బండికి? ఒక ఇంజన్‌కు అమృతంలా పనిచేసిన గేర్‌బాక్స్ ఇంకో ఇంజన్‌కు ఉరితాడవుతుంది. ఇంజన్ బలం ఏ వేగం దగ్గర ఉందో, గేర్‌బాక్స్ దాన్ని ఆ వేగం దగ్గరే తిప్పాలె. ఈ ఒక్క సంగతి తెలియకపోతే పిల్లల జీతం పోతుంది. ఎట్ల పోతుందో కింద చెప్తాను. ముందు లోపల ఏమి జరుగుతుందో చూద్దాం.

మిల్లులో కార్డింగ్ ఖాతాలో చేసిన పెద్దలకు లూజ్ పుల్లీ, ఫాస్ట్ పుల్లీ గుర్తుండే ఉంటయి. పైన షాఫ్టు ఆగకుండా తిరుగుతుంటుంది. బెల్టు లూజ్ పుల్లీ మీద ఉన్నంతసేపు మిషన్ కదలదు. హ్యాండిల్‌తో బెల్టును మెల్లగా ఫాస్ట్ పుల్లీ మీదికి జరిపితే మొదట జారుతుంది, తర్వాత పట్టుకుంటుంది, అంత బరువైన సిలిండరు నిదానంగా వేగం అందుకుంటుంది. ఒక్కసారిగా జరిపితే బెల్టు ఊడిపోతుంది, లేకుంటే తెగుతుంది. బండిలో క్లచ్ చేసే పని అదే. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆ జారుడు పనిని ఆయిల్ చేస్తుంది.

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు ఆయిల్ పోసి, రెండు ఫ్యాన్లను ఒకే డబ్బాలో మూస్తే అది ఫ్లూయిడ్ కప్లింగ్. ఇంజన్ ఒక ఫ్యాన్‌ను తిప్పుతుంది, రెండోది గేర్లను తిప్పుతుంది. ఇక రెండింటి నడుమ మూడో చిన్న చక్రం పెట్టి, వెనక్కి వచ్చే ఆయిల్‌ను ఇంజన్ తిరిగే దిక్కుకే మళ్లించేలా చేస్తే అది టార్క్ కన్వర్టర్ అవుతుంది. దీని లాభం ఏమిటంటే, బండి ఇంకా కదలని క్షణంలో ఇంజన్ గుంజుడును దాదాపు రెండింతలు చేసి వెనక్కి పంపుతుంది. కప్లింగ్ అట్ల పెంచలేదు, ఎంత వస్తే అంతే ఇస్తుంది. ఈ ఆలోచన జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరుది. 1905లో ఓడల టర్బైన్ల కోసం పేటెంట్ తీసుకున్నాడు. కార్లలోకి వచ్చింది తర్వాత.

ఈ తేడా తెలిస్తే పాత బండ్ల చరిత్ర సగం అర్థమవుతుంది. జనరల్ మోటార్స్ వాళ్ల హైడ్రమాటిక్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో వచ్చింది. అందులో ఉన్నది కప్లింగ్ మాత్రమే. గుంజుడు పెంచే శక్తి దానికి లేదు కాబట్టి నాలుగు గేర్లు పెట్టినారు. 1948లో బ్యూయిక్ వాళ్ల డైనాఫ్లో పూర్తిగా అవతలి కొసకు పోయింది. డ్రైవ్‌లో పెడితే గేరు మారేదే లేదు, అన్నీ కన్వర్టరే చూసుకునేది. మెత్తగా పోయేది, కానీ ఇంజన్ అరుస్తుంటే బండి బద్ధకంగా కదిలేది. గేర్లు తక్కువ పెట్టి కన్వర్టర్ మీద భారం వేయడమా, గేర్లు ఎక్కువ పెట్టి కన్వర్టర్‌కు పని తగ్గించడమా అన్న బేరం అప్పటి నుంచే ఉంది. మెర్సిడెస్ వాళ్లు 1968లో 300 ఎస్ఈఎల్ 6.3 అనే 250 హార్స్‌పవర్ బండికి కప్లింగ్‌తో నాలుగు గేర్లు ఇచ్చినారు. 1975లో వచ్చిన 450 ఎస్ఈఎల్ 6.9కు టార్క్ కన్వర్టర్‌తో మూడే గేర్లు. ఇంజన్ పెద్దదై కింది నుంచే గుంజేసరికి, కన్వర్టర్ తోడయ్యేసరికి ఒక గేరు తగ్గినా నడిచింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పిల్లలు కాగితం, పెన్ను తీసుకోవాలె.

గేరు మారినప్పుడు ఇంజన్ వేగం పడిపోతుంది. ఎంత పడుతుందన్నది గేర్ల నిష్పత్తిని బట్టి ఉంటుంది. షెవర్లే వాళ్ల పవర్‌గ్లైడ్‌లో గేర్లు రెండే. చాలా బండ్లలో కింది గేరు 1.82, పైది 1. ఇంజన్ 5,000 తిప్పుల దగ్గర గేరు మారిందనుకోండి. 5,000ను 1.82తో భాగిస్తే దాదాపు 2,750. అంటే రెండో గేరులో పడగానే ఇంజన్ 2,750 దగ్గర నిలబడి బండిని గుంజాలె. టర్బో హైడ్రమాటిక్ 400లో గేర్లు మూడు: 2.48, 1.48, 1. అదే 5,000 దగ్గర ఒకటి నుంచి రెండుకు మారితే 2,980 దగ్గరికి వస్తుంది. రెండు నుంచి మూడుకు మారితే 3,380. నిలబడి ఉన్న చోటు నుంచి కదిలేటప్పుడు తేడా ఇంకా పెద్దది. ఒకదాని మొదటి గేరు 1.82 రెట్లు గుంజితే ఇంకొకటి 2.48 రెట్లు గుంజుతుంది.

అట్లయితే మూడు గేర్లదే మంచిదా అంటే, ఇంజన్ ఏదని మళ్లీ అడుగుతాను.

పాంటియాక్ జీటీవో చూడండి. 1964లో వచ్చిన ఈ బండినే చాలామంది అమెరికా మజిల్ కార్లకు పెద్దన్న అంటారు. 389 క్యూబిక్ ఇంచుల ఇంజన్, అంటే 6.4 లీటర్లు. మామూలు కార్బొరేటర్‌తోనే 325 హార్స్‌పవర్. ఇంత ఇంజన్‌కు ఆటోమేటిక్ కావాలన్నవాళ్లకు కంపెనీ ఇచ్చింది రెండు గేర్ల గేర్‌బాక్స్! మూడేళ్లు అదే నడిచింది. 1967లో టర్బో 400 వచ్చేదాకా ఆటోమేటిక్ జీటీవో కొన్నవాడు మాన్యువల్ జీటీవో పక్కన సిగ్నల్ దగ్గర తల దించుకోవాల్సి వచ్చేది. ఇంజన్‌లో బలం లేక కాదు. మొదటి గేరు పొడుగెక్కువ, మధ్యలో పట్టుకోవడానికి మెట్టు లేదు. మూడు గేర్లు రాగానే అదే బండి మనిషి మారినట్టు మారింది. (ఆ 1967లోనే హర్స్ట్ కంపెనీ దానికి 'హిస్-హర్స్' గేరు రాడ్ చేసింది. ఒక పక్క దారిలో పెడితే దానంతట అదే మారుతుంది, రెండో పక్క దారిలో మనమే మార్చుకోవచ్చు. ఒకటి మొగుడికి, ఒకటి పెళ్లానికట. అమెరికాలో కూడా మొగోళ్ల గొప్పలు మన దగ్గరి లాంటివే.)

మరి రెండు గేర్లది దండుగ సరుకా? ఇదే పవర్‌గ్లైడ్‌ను డ్రాగ్ రేసుల వాళ్లు నేటికీ వెతికి వెతికి వాడుతున్నారు. ఎందుకంటే ఆ బండ్లు తేలిక, ఇంజన్ బలం విపరీతం. మొదటి గేరు ఎక్కువ గుంజితే టైర్లు అక్కడికక్కడే తిరుగుతయి, బండి ముందుకు పోదు. వాళ్లకు తక్కువ గుంజే మొదటి గేరే కావాలె. పావు మైలు పరుగులో గేరు ఒక్కసారే మారితే అంత మేలు. పైగా ఆ గేర్‌బాక్స్ తేలిక, తిరగడానికి అది తినే బలం తక్కువ.

టెక్సాస్‌లో జిమ్ హాల్ చేసిన చపారల్ రేసు బండ్లది ఇంకో కథ. వాటిలో టార్క్ కన్వర్టర్ ఉంది, క్లచ్ పెడల్ లేదు, గేరు మాత్రం డ్రైవరే మార్చుకోవాలె. యూరప్ బండ్లు అయిదు గేర్లతో తిరుగుతుంటే వీళ్లు తక్కువ గేర్లతో 1966లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ 1,000 కిలోమీటర్ల పందెం గెలిచినారు. పెద్ద షెవర్లే వీ8 కింద నుంచి పైదాకా ఒకేలా గుంజేది, బండి తేలిక, కాబట్టి గేర్లు ఎక్కువ అక్కరలేదు. ఎడమ కాలు ఖాళీగా ఉంది కదా అని అదే ఏడాది వచ్చిన ఇంకో చపారల్‌లో, వెనక ఎత్తుగా నిలబెట్టిన రెక్కను వంచడానికి ఆ కాలికి ఒక పెడల్ పెట్టినారు. క్లచ్ తీసేస్తే కాలికి పని దొరికిందన్నమాట!

ఇటలీ వాళ్ల ఫెరారీ 400 ఈ లెక్కకు ఇంకో చివర. 1976లో వచ్చింది, ఆటోమేటిక్‌తో అమ్మిన మొదటి ఫెరారీ అదే. 12 సిలిండర్లు, 4.8 లీటర్లు. గేర్‌బాక్స్ మాత్రం అమెరికాదే, మనం చెప్పుకున్న టర్బో 400. అమెరికా వీ8 లాగా కాకుండా ఆ ఇంజన్ అసలు బలం 6,500 తిప్పుల దగ్గర ఉంటుంది. 6,500ను 2.48తో భాగించి 1.48తో గుణిస్తే 3,880 వస్తుంది. పై గేరుకు మారితే 4,390. గేర్‌బాక్స్ గనక అమెరికా అలవాటు ప్రకారం 4,500 దగ్గరే గేరు మార్చేస్తే ఇంజన్ 2,700 దగ్గర పడి నిద్రపోయేది. పై దాకా తిరగనిస్తేనే ఆ గేర్ల మధ్య దూరం దానికి సరిపోతుంది. సొగసు కోరి కొన్నవాళ్లు దాన్ని ఇష్టపడినారు. ఫెరారీ 400లో మాన్యువల్ బండ్ల కన్నా ఆటోమేటిక్ బండ్లే ఎక్కువ అమ్ముడయినయి. నా లెక్కలో మాత్రం ఆ ఇంజన్‌కు ఇంకో గేరు ఉంటే బాగుండేది.

ఇక జీతం పోయే కథ. ఒక గ్యారేజీ, పేరు వద్దు. మన షోలాపూర్ పిల్లవాడే, వయసు ఇరవై మూడు. 1969 మోడల్ షెవర్లే కమారోకు 350 ఇంజన్, టర్బో 350 గేర్‌బాక్స్. గేర్‌బాక్స్ విప్పి కొత్త ప్లేట్లు, సీళ్లు వేసి కట్టినాడు. పని శుభ్రంగా చేసినాడు. ఆ నెలలోనే అర్బాబ్ ఇంకో చోట ఇంజన్‌కు పెద్ద రేసింగ్ క్యామ్ వేయించుకొని వచ్చినాడు. అప్పటి నుంచి బండి మొండికేసింది. సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో ఉంటే ఇంజన్ ఆగిపోవడానికి వస్తుంది. కదలమంటే కదలదు, 3,000 దాటినాక ఒక్కసారిగా ఎగురుతుంది. మెల్లగా తోలినా గేర్లు ఆలస్యంగా, గుద్దినట్టు మారుతయి. "గేర్‌బాక్స్ నీ పిల్లగాడు పాడు చేసిండు" అన్నాడు అర్బాబ్. ఫోర్‌మన్ రెండు నెలల జీతం కోత రాసినాడు. ఇంట్లో చెల్లె పెండ్లి ఉంది. వాడు ఏడుస్తూ వచ్చినాడు. "మామా, ప్లేట్లు సరిగ్గనే వేసిన. మళ్ల విప్పి చూడాల్నా?"

"విప్పకురా. వ్యాక్యూమ్ గేజు తీసుకొని రా" అన్నాను.

పెద్ద క్యామ్ చేసే పని ఏమిటంటే, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పైవేగంలో ఇంజన్‌కు గాలి బాగా అందుతుంది, బలం పెరుగుతుంది. కింది వేగంలో అదే గాలి వెనక్కి తన్నుతుంది, గుంజుడు తగ్గిపోతుంది, ఐడిల్‌లో ఇంజన్ ఊగుతుంది. అంటే బలం ఉన్న చోటు మారిపోయింది. ఇదివరకు 1,500 నుంచే గుంజిన ఇంజన్ ఇప్పుడు 3,000 నుంచి గుంజుతోంది. కన్వర్టర్ మాత్రం పాతదే. ఇంజన్ రెండువేలకు చేరకముందే గట్టిగా పట్టుకుంటుంది. బెల్టు ఇంకా జారాల్సిన సమయంలో ఫాస్ట్ పుల్లీ మీదికి తోసినట్టు. కన్వర్టర్ ఇంజన్‌ను ఎంత వేగం దాకా జారనిచ్చి అక్కడ నిలబెడుతుందో దాన్నే స్టాల్ స్పీడ్ అంటారు. ఆ ఇంజన్‌కు కావలసిన స్టాల్ స్పీడ్ 2,800 దగ్గర.

గేర్లు గుద్దినట్టు మారడానికి కారణం వేరే. టర్బో 350, టర్బో 400, ఫోర్డ్ వాళ్ల సీ4, సీ6 గేర్‌బాక్సులకు ఒక వ్యాక్యూమ్ మాడ్యులేటర్ ఉంటుంది. ఇంజన్ నుంచి రబ్బరు పైపు దానికి పోతుంది. ఇంజన్ తేలికగా తిరుగుతుంటే వ్యాక్యూమ్ ఎక్కువ, భారం పడితే తక్కువ. దాన్ని చూసే గేర్‌బాక్స్ ఎప్పుడు మారాలో, ఎంత గట్టిగా పట్టాలో తేల్చుకుంటుంది. మామూలు ఇంజన్‌కు ఐడిల్‌లో గేజు 17, 18 ఇంచుల మీద ఉంటుంది. ఈ బండికి 10 చూపించి సూది వణుకుతోంది. పాపం గేర్‌బాక్స్ ఏమనుకుంటుంది? డ్రైవరు పెడల్ తొక్కి పెట్టినాడు, బండి ఘాటు ఎక్కుతోంది అనుకుంటుంది. అందుకే ఆలస్యంగా, గట్టిగా మారుస్తుంది. పిల్లవాడు వేసిన ప్లేట్లకు ఇందులో ఏ పాత్రా లేదు.

గేజును అర్బాబ్‌కే చూపించినాము. పక్కన ఉన్న మామూలు కమారోకు అదే గేజు పెట్టి తేడా చూపించినాము. మాటలతో నమ్మనివాడు సూదిని చూసి నమ్మినాడు. తర్వాత 2,800 స్టాల్ ఉన్న చిన్న కన్వర్టర్ వేసినాము, సర్దుకునే స్క్రూ ఉన్న మాడ్యులేటర్ పెట్టినాము, వెనక యాక్సిల్‌లో 3.08 క్రౌన్ పినియన్ తీసి 3.73 వేసినాము. బండి దారికొచ్చింది. రెండో నెల జీతం కోయలేదు. మొదటి నెలది అప్పటికే కోసినారు, అది తిరిగి రాలేదు. బండి బాగయినా గ్యారేజీ లెక్క బాగుపడదు కొన్నిసార్లు.

కన్వర్టర్ డబ్బా మీద రాసిన అంకెను కళ్లు మూసుకొని నమ్మొద్దు. స్టాల్ స్పీడ్ కన్వర్టర్ ఒక్కదానిది కాదు, దాన్ని తిప్పే ఇంజన్‌ది కూడా. ఒకే కన్వర్టర్‌ను రెండింతలు గుంజే ఇంజన్ వెనక పెడితే స్టాల్ స్పీడ్ సుమారు 1.4 రెట్లు అవుతుంది. చిన్న ఇంజన్ వెనక 2,000 చూపించేది పెద్ద ఇంజన్ వెనక 2,800 చూపిస్తుంది. కాబట్టి కొనేటప్పుడు ఇంజన్ ఎంత, క్యామ్ ఏది, బండి బరువెంత, యాక్సిల్ నిష్పత్తి ఎంత అని నాలుగూ చెప్పి కొనాలె. ఇవి అడగకుండా అమ్మే దుకాణం నుంచి లేచి రావడమే మంచిది.

క్రైస్లర్ బండ్ల దగ్గర ఇంకో జాగ్రత్త. వాళ్ల టార్క్‌ఫ్లైట్ 727 అంటే నాకు మహా ఇష్టం. 1966లో వచ్చిన 425 హార్స్‌పవర్ హెమీ ఇంజన్‌నే మోసింది. దీనికి వ్యాక్యూమ్ పైపు ఉండదు, కార్బొరేటర్ నుంచి ఒక రాడ్ వస్తుంది. లోపలి ఆయిల్ ప్రెషర్‌ను నడిపించేది ఆ రాడ్డే. కార్బొరేటర్ మార్చినప్పుడు 'ఇది కిక్‌డౌన్‌కే కదా' అని ఆ రాడ్‌ను విడిచిపెడితే ప్రెషర్ చాలక ప్లేట్లు కొద్ది రోజుల్లోనే మాడిపోతయి. అదే క్రైస్లర్ చిన్న ఇంజన్లకు 904 అనే చిన్న గేర్‌బాక్స్ చేసింది. ఫోర్డ్‌లోనూ చిన్న ఇంజన్లకు సీ4, పెద్దవాటికి సీ6. పెద్దది గట్టిది కదా అని చిన్న ఇంజన్‌కు సీ6 కడితే, దాన్ని తిప్పడానికే ఇంజన్ బలం చాలా పోతుంది.

యాక్సిల్ సంగతి కూడా లెక్క వేసే చెప్పాలె. 27 ఇంచుల టైరు మీద, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, పై గేరు 1 అయితే 3.31 యాక్సిల్‌తో ఇంజన్ 2,560 తిరుగుతుంది. 4.10 వేస్తే 3,170. సిగ్నల్ దగ్గర ఎగరాలన్న మోజుతో 4.10 వేయించుకున్నవాడు అబుదాబి రోడ్డు మీద గంటసేపు ఆ మోత వినాలె, పెట్రోలు పోయాలె. రోజూ తోలే బండి అయితే ముందే చెప్పండి, తర్వాత తిట్లు తప్పుతయి.

ఎక్కువ స్టాల్ కన్వర్టర్ అంటే ఎక్కువ జారుడు. జారిన ప్రతి తిప్పు వేడి అయి ఆయిల్‌లోకి పోతుంది. ఎండ 45 డిగ్రీలున్న ఊర్లలో రేడియేటర్ లోపలి కూలర్ ఒక్కటే చాలదు. ముందర వేరే ఆయిల్ కూలర్ బిగించాల్సిందే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎర్రగా ఉందా, గోధుమ రంగుకు తిరిగిందా, మాడిన వాసన వస్తోందా అన్నది బండి వచ్చిన రోజే చూసి, జాబ్ కార్డు మీద రాసి, ఓనరు సంతకం తీసుకోండి. మాడిన ఆయిల్‌తో వచ్చిన బండి రేపు మీ చేతుల్లో మాడినట్టు లెక్కలోకి రాకూడదు.

ఇవన్నీ అయినాక కూడా గేరు మారే వేగం ఇంజన్ బలానికి కొంచెం ముందో వెనకో ఉంటే, అప్పుడు గవర్నర్‌ను పట్టుకోండి. టర్బో 350, 400లలో పక్క మూత తీస్తే అది బయటికొస్తుంది, గేర్‌బాక్స్ దించే పని లేదు. దాని బరువులు తగ్గిస్తే గేరు ఆలస్యంగా మారుతుంది, పెంచితే ముందే మారుతుంది. కన్వర్టర్, యాక్సిల్, మాడ్యులేటర్ మూడూ తేలినాకే దాన్ని ముట్టాలె. లేకుంటే వాటిలో ఏది మార్చినా ఈ పని మళ్లీ మొదటికొస్తుంది.